కంటికి కానరాని వెలుగుతో ఆర్.ఎన్.ఏ. నిర్మాణ పరిశోధన

ఒక వస్తువు కంటికి కనబడనంత సూక్ష్మమైనప్పుడు దాని ఆకారమును తెలిసికొనుట యెట్లు? దానిని చేతితో తాకి చూడలేము. భూతద్దమునకు అది అందదు. సామాన్యమైన సూక్ష్మదర్శినికి సైతము అందదు. అయినను అట్టి వస్తువు ఎంతవరకు మడతపడినదో, అందలి భాగములు ఎట్లు జతకూడినవో శాస్త్రజ్ఞులు చెప్పగలుగుచున్నారు. ఇందులకు వారికి తోడ్పడు సాధనములలో నొకటి కంటికి కానరాని వెలుగు. దానినే పరారుణ కిరణము లందురు. ఈ కిరణముల సహాయమున ఆర్.ఎన్.ఏ. అను జీవపదార్థము యొక్క నిర్మాణమును ఎట్లు గ్రహించుచున్నారో పై తరగతుల విద్యార్థులకును, వారి చదువును శ్రద్ధతో గమనించు తల్లిదండ్రులకును తెలియునట్లు ఈ వ్యాసమున వివరింప సంకల్పించినాము.

ఆర్.ఎన్.ఏ. అనగా నేమి?

ప్రాణుల శరీరములు జీవకణములతో నిర్మితములు. తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించు లక్షణములను కణమునందు భద్రపరచు పదార్థము డి.ఎన్.ఏ. అందలి సమాచారమును గైకొని, కణమునకు కావలసిన మాంసకృత్తుల తయారీకి తోడ్పడునది ఆర్.ఎన్.ఏ., అనగా రైబోన్యూక్లియిక్ ఆమ్లము. డి.ఎన్.ఏ. ఇనుప పెట్టెలో దాచిన దస్తావేజు వంటిదైనచో, ఆర్.ఎన్.ఏ. దాని నకలు తీసికొని పనివారి యొద్దకు పోవు గుమాస్తా వంటిది. నకలు మోయుటయే కాదు, కొన్ని ఆర్.ఎన్.ఏ.లు స్వయముగా పనియు చేయును. మాంసకృత్తుల తోడు లేకయే ఒక ఆర్.ఎన్.ఏ. తన్ను తాను కత్తిరించుకొని అతుకుకొనుచున్నదని అమెరికాలో థామస్ చెక్ 1982లో నిరూపించెను. ఇట్టి పరిశోధనలకే ఆయనకును, సిడ్నీ ఆల్ట్మన్‌కును 1989లో నోబెలు బహుమానము లభించినది.

ఆర్.ఎన్.ఏ. పొడవైన గొలుసు. రైబోజు అను చక్కెరయు, ఫాస్ఫేటును ఒకదాని వెంట నొకటి చేరి ఈ గొలుసునకు దారమైనవి. ప్రతి చక్కెరకును ఒక్కొక్క నత్రజని క్షారము పూసవలె తగులుకొని యుండును. ఈ క్షారములు ముఖ్యముగా నాలుగు: అడినీను, గ్వానీను, సైటోసీను, యురాసిలు. అడినీను పూసను కణము ఏ.టి.పి. అను పదార్థమునుండి గైకొనును. 1929లో కండరములందు ఈ ఏ.టి.పి.ని కనుగొన్నవారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరని మన విద్యార్థులు తెలిసికొనదగినది.

ఈ గొలుసు చాచిన దారమువలె నుండదు. తన మీదికి తానే మడతపడును. అట్లు మడతపడినపుడు అడినీను యురాసిలుతోను, గ్వానీను సైటోసీనుతోను జతకూడును. తెలుగు పద్యమున పాదము యొక్క మొదటి యక్షరమునకును, దూరముననున్న యతిస్థానమునందలి యక్షరమునకును మైత్రి యుండవలెనని మనము నేర్చుకొన్నాము గదా! ఆర్.ఎన్.ఏ. గొలుసునందును అట్లే దూరదూరముననున్న క్షారములకు మైత్రి కలదు. మైత్రి కుదిరినచోట రెండు పేటలు పెనవేసికొని మెలికయగును. కుదరనిచోట గొలుసు ఉచ్చువలె వదులుగ నుండును.

మడతను బట్టియే ఆర్.ఎన్.ఏ. యొక్క పని. మడత చెడినచో పని చెడును. కాని యీ మడతను సామాన్యమైన రసాయనిక పరీక్షలు పట్టజాలవు. బంగారు గొలుసును చాచి పట్టినను, చుట్టి భరిణెలో పెట్టినను తూకమొక్కటే! అట్లే మడతపడిన ఆర్.ఎన్.ఏ.లోను, మడత విప్పిన ఆర్.ఎన్.ఏ.లోను ఉన్న కర్బనము, ఉదజని, ఆమ్లజని, నత్రజని, భాస్వరము సమానమే. మూలద్రవ్యములను లెక్కించినంత మాత్రమున ఆకారము తెలియదు. అందులకు వేరొక ఉపాయము కావలెను.

పరారుణ కిరణములు

అరుణమనగా ఎఱుపు. అరుణమునకు పరమైనది, అనగా ఆవలిది, పరారుణము. దీనిని కనుగొన్నవాడు ఇంగ్లండు దేశమున స్థిరపడిన విలియం హెర్షెల్. 1781లో యురేనసు గ్రహమును కనిపెట్టిన జ్యోతిశ్శాస్త్రవేత్త ఈయనయే. 1800వ సంవత్సరమున ఆయన సూర్యకాంతిని గాజు పట్టకము గుండ పంపి, ఏర్పడిన రంగులలో ఏ రంగునకు వేడి యెక్కువయో తెలియుటకై ఉష్ణమాపకములను ఉంచి చూచెను. ఊదానుండి ఎఱుపువైపు పోవుకొలది వేడి హెచ్చెను. ఎఱుపును దాటి, ఏ రంగును లేనిచోట ఉంచిన ఉష్ణమాపకము అన్నింటికంటె ఎక్కువ వేడిని చూపెను! వెలుగు మన కంటితో ఆగిపోవుట లేదని అప్పుడు తెలిసినది.

ఈ కిరణములు మనకు క్రొత్తవి కావు. ఇస్త్రీ పెట్టె అడుగు ఎఱ్ఱబడకున్నను, అరచేతిని దాని దాపునకు తెచ్చినంతనే వెచ్చదనము తెలియును. ఆ వెచ్చదనమును మోసికొని వచ్చునవి పరారుణ కిరణములే.

వెలుగు తరంగరూపమున ప్రయాణించునది. మన కంటికి కనబడు వెలుగు యొక్క తరంగదైర్ఘ్యము 0.4 మొదలు 0.7 మైక్రానుల వఱకు ఉండును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. అణువుల పరిశోధనకు పనికివచ్చు పరారుణ కిరణములు 2.5 మొదలు 25 మైక్రానులవి. శాస్త్రజ్ఞులు వీనిని మరియొక విధముగ కూడ కొలతురు. ఒక సెంటీమీటరు పొడవున ఎన్ని తరంగములు ఇముడునో ఆ లెక్కను తరంగసంఖ్య యందురు. 2.5 మైక్రానుల కిరణమునకు తరంగసంఖ్య 4000. 25 మైక్రానుల దానికి 400. ఇకమీద మేము చెప్పబోవు అంకెలన్నియు ఈ తరంగసంఖ్యలే.

అణువుల కంపనములు

పరమాణువులు బంధములచే కూడి అణువగును. ఈ బంధములు ఇనుపకడ్డీలవలె బిగిసియుండవు. తీగచుట్టవలె సాగుచు ముడుచుకొనుచు, వంగుచు నిరంతరము కంపించుచుండును. కంపనవేగము రెండింటిని బట్టి యుండును. బంధము గట్టిదైనకొలది కంపనము వేగవంతమగును. పరమాణువులు బరువైనకొలది మందమగును. కర్బనమునకును ఆమ్లజనికిని నడుమ గల జంటబంధము సెకనుకు సుమారు 50 లక్షల కోట్ల మారులు కంపించును.

ఉయ్యాలను ఊపువాడు దాని ఊపునకు సరిపోవునట్లు తోసిననే అది పైపైకి పోవును. తాళము తప్పి తోసినచో వాని బలము వ్యర్థమగును. అణువులును అట్టివే. తమ కంపనమునకు సరిపోవు తరంగసంఖ్య గల పరారుణ కిరణమును మాత్రమే అవి పీల్చుకొనును. తక్కినవానిని పోనిచ్చును. కనుక ఒక పదార్థము గుండ పరారుణ కిరణములను పంపి, ఏయే తరంగసంఖ్యల యొద్ద ఎంతెంత వెలుగు తగ్గినదో కాగితముపై గీతగా గీసినచో అందు కొన్ని శిఖరము లేర్పడును. ఒక్కొక్క శిఖరమును ఒక్కొక్క విధమైన కంపనమునకు గురుతు. ఈ గీతయే పరారుణ వర్ణపటము. అమెరికా దేశీయుడైన విలియం కోబ్లెంట్జ్ అనేక పదార్థముల పరారుణ వర్ణపటములను ఓపికతో కొలిచి 1905లో ప్రకటించినప్పటినుండి ఈ విద్యకు గట్టి పునాది ఏర్పడినది.

అణుకంపనములను గ్రహించుటకు మరియొక మార్గమును 1928లో చూపినవాడు మన దేశీయుడే. విశాఖపట్టణమున బాల్యవిద్య గడపిన సి. వి. రామన్ కనుగొన్న రామన్ ఫలితమునందు, అణువులపై పడి చెదరిన వెలుగును బట్టి కంపనములు తెలియును. ఈ రెండు మార్గములును అక్కసెల్లెండ్రవంటివి. ఒకదానికి అందని కంపనము తరచుగా రెండవదానికి అందును. అణువుల సౌష్ఠవమును బట్టి వాని కంపనములను లెక్కించు గణితమునందు రామన్ శిష్యుడు, తెలుగువాడునైన సూరి భగవంతముగారు విశేషమైన కృషి చేసిరి. టి. వెంకటరాయుడుగారితో కూడి ఆయన రచించిన గ్రంథమును 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ప్రకటించినది.

నీటితో వచ్చిన చిక్కు

ఆర్.ఎన్.ఏ. వర్ణపటమున ఫాస్ఫేటు శిఖరములు 1240 దాపునను, 1085 దాపునను కనబడును. క్షారముల యందలి జంటబంధములు 1550 మొదలు 1720 వఱకు గల ప్రాంతమున శిఖరముల నిచ్చును. క్షారముల జతలనుగూర్చి చెప్పవలసినది ఈ రెండవ ప్రాంతమే.

ఇచ్చట నొక పెద్ద చిక్కు కలదు. జీవకణమున ఆర్.ఎన్.ఏ. నీటిలో నుండును, కావున నీటిలోనే దానిని పరీక్షింపవలెను. కాని నీటి అణువు వంగుచు కంపించునపుడు 1640 దాపున పరారుణ కిరణములను మిక్కుటముగా పీల్చుకొనును. మనము వినదలచిన మెల్లని మాట పలుకునప్పుడే ప్రక్కన డోలు వాయించినట్లయినది! దీనికి విరుగుడు భారజలము. సామాన్యజలమునందలి ఉదజనికి మారుగా అంతకు రెండింతలు బరువైన భారఉదజని ఇందు కలదు. పరమాణువు బరువెక్కినచో కంపనము మందగించునని పైన చెప్పియున్నాము. అందుచే భారజలము యొక్క ఆ శిఖరము 1210 దాపునకు దిగిపోయి, క్షారముల ప్రాంతము నిరాటంకమగును.

పరికరములకును ఇట్టి చిక్కే కలదు. గాజు ఈ కిరణములలో పెక్కింటిని పోనీయదు. అందుచే పూర్వము పట్టకములను సైంధవలవణమువంటి ఉప్పురాతితో చేసెడివారు. కాని ఉప్పు నీటిలో కరగును గదా! కావున నీటిద్రావణములకు కాల్షియం ఫ్లోరైడు బిళ్లలను వాడుదురు. రెండు బిళ్లల నడుమ భారజలమైనచో మిల్లీమీటరులో ఇరువదవ వంతునకు మించని మందమునను, సామాన్యజలమైనచో అంతకంటెను మిక్కిలి పలుచగను ద్రావణము నుంతురు. గాలిలోని నీటియావిరియు, బొగ్గుపులుసు వాయువును ఈ కిరణములను పీల్చుకొనును గనుక యంత్రములోని గాలిని సైతము పొడిగా నుంచవలెను.

ఉదజని యెచ్చట నున్నది?

క్షారముల జతలను కట్టునవి ఉదజని బంధములు. ఒక క్షారమునందలి ఉదజని, ఎదుటి క్షారమునందలి ఆమ్లజనినో నత్రజనినో ఆకర్షించుటచే ఇవి ఏర్పడును. అడినీను–యురాసిలు జతకు ఇట్టివి రెండు, గ్వానీను–సైటోసీను జతకు మూడు. కనుక ఒక్క ఉదజని చోటు మారినను జత కుదరదు.

1953లో డి.ఎన్.ఏ. నిర్మాణమును సాధింప యత్నించుచున్న జేమ్స్ వాట్సన్‌కు ఈ కష్టమే వచ్చినది. గ్వానీనువంటి క్షారములందలి ఆమ్లజని ఉదజనిని చేరదీసికొని యుండునట్లు నాటి పాఠ్యగ్రంథములందు బొమ్మలుండెడివి. వానిని నమ్మి చూడగా జతలు కుదరలేదు. జెర్రీ డోనహ్యూ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఆ బొమ్మలు సరికావనియు, ఆమ్లజని ఉదజని లేకుండ కర్బనముతో జంటబంధమున నుండుననియు చెప్పెను. అటు పిమ్మటనే జతలు కుదిరినవి.

డోనహ్యూ మాట నిజమేనా? గొలుసులు నీటిలో పెనవేసికొని యున్నపుడును క్షారములు అట్లే యుండునా? ఈ ప్రశ్నకు పరారుణ కిరణములు నేరుగా సమాధానము చెప్పగలవు. ఎట్లన, ఆమ్లజని–కర్బనముల జంటబంధమునకు 1650–1700 ప్రాంతమున బలమైన శిఖర ముండును. ఆ బంధము లేనిచో ఆ శిఖరమును ఉండదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో పనిచేసిన టాడ్ మైల్స్ భారజలమున గొలుసులను పరీక్షించి, మెలికలో సైతము జంటబంధము నిలిచియే యున్నదని 1961లో ప్రకటించెను.

అప్పటికే, 1956లో, అలెగ్జాండర్ రిచ్, డేవిడ్ డేవీస్ అనువారు అడినీనులు మాత్రమే గల ఆర్.ఎన్.ఏ. గొలుసును, యురాసిలులు మాత్రమే గల గొలుసును నీటిలో కలిపినంతనే అవి పెనవేసికొని జంటమెలిక యగుచున్నవని చూపియుండిరి. ఈ కలయికను పరారుణ వర్ణపటమున ఎవరైనను చదువవచ్చును. ఒంటరిగానున్న యురాసిలు గొలుసునకు 1657 దాపున నొక శిఖరము కలదు. అడినీను గొలుసు తోడైన వెంటనే అది 1672 దాపునకు జరుగును. వేడిచేసి పేటలను విడదీసినచో మరల మొదటి చోటికి వచ్చును. జరిగినది పదునైదు అంకెలే. కాని రెండు గొలుసులు చేయికలిపినవో, విడివడినవో ఆ పదునైదు అంకెలు చెప్పుచున్నవి.

మైత్రి యెవరిది?

ఇంతకంటె లోతైన ప్రశ్న యొకటి మిగిలెను. అడినీను యురాసిలునే ఎన్నుకొనుట దాని స్వభావమా? లేక మెలిక యొక్క చట్రము ఇరుకైనదగుటచే వేరొకదానికి చోటులేక ఆ జతయే బలవంతముగ ఏర్పడుచున్నదా?

మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రిచ్, రిచర్డ్ లార్డ్, వారి సహచరులు 1965, 1966 సంవత్సరములలో దీనిని పరీక్షించిరి. వారు గొలుసును పూర్తిగా విడిచిపెట్టి, ఒంటి క్షారములనే తీసికొనిరి. గొలుసులో చక్కెర తగులుకొనుచోట చిన్న కర్బనపు తోకను తగిలించి, క్లోరోఫారములో కరగునట్లు చేసిరి. నీటిని ఏల విడిచిరనగా, నీరు తానే క్షారములతో ఉదజని బంధములను కల్పించుకొని వాని మైత్రిని మరుగుపరచును. క్లోరోఫారమున కా గుణము స్వల్పము.

నత్రజని–ఉదజని బంధము ఒంటరిగా నున్నపుడు 3400 దాపునను, ఆ పైనను సన్నని శిఖరముల నిచ్చును. అదే ఉదజని మరియొక క్షారముతో బంధము కల్పించుకొన్నచో శిఖరము తక్కువ అంకెవైపు జరిగి వెడల్పగును. కేవలము అడినీనునే కరగించినపుడు ఇట్టి మార్పు స్వల్పము. కేవలము యురాసిలునే కరగించినను స్వల్పమే. రెండింటిని కలిపి చూడగా మార్పు స్పష్టముగ కనబడినది! గ్వానీను–సైటోసీనుల కలయికలో మార్పు మరింత ప్రబలము. కాని అడినీనును గ్వానీనుతో గాని, సైటోసీనుతో గాని కలిపినపుడు చెప్పుకోదగిన జత ఏర్పడలేదు.

దీనివలన తేలిన దేమి? చట్రము లేకున్నను, గొలుసు లేకున్నను క్షారములు తమ జతలను తామే గుర్తించుచున్నవి. యతినియమమును లాక్షణికులు విధించిరి, కవులు పాటించిరి. ఈ మైత్రిని మాత్రము ఎవరును విధింపలేదు. అది వాని నిర్మాణముననే కలదు. జీవుల వారసత్వమంతయు ఈ మైత్రిపై ఆధారపడియున్నదని తలచినచో ఆ సన్నని శిఖరములు ఎంతటి విషయమును చెప్పినవో బోధపడగలదు.

మడత యెంత? మడత యెచ్చట?

1965లో రాబర్ట్ హాలీ బృందము ఈస్టునందలి యొక వాహక ఆర్.ఎన్.ఏ. యొక్క క్షారముల వరుసను ఆసాంతము చదివినది. మాంసకృత్తుల తయారీకై అమినో ఆమ్లములను మోసికొని వచ్చునవి ఈ వాహక ఆర్.ఎన్.ఏ.లు. వరుసను బట్టి అది మూడు రేకుల ఆకువలె మడతపడునని ఊహింపవచ్చును. ఊహకు సాక్ష్యము కావలెను గదా! జతకూడిన క్షారముల వర్ణపటమును, ఒంటరి క్షారముల వర్ణపటమును వేరువేరుగ తెలిసికొని యున్నచో, పరీక్షింపదలచిన ఆర్.ఎన్.ఏ. వర్ణపటము ఈ రెండింటిని ఏ పాళ్లలో కలిపిన వచ్చునో లెక్కింపవచ్చును. పాలలో నీరెంతయో చిక్కదనమును బట్టి చెప్పుట వంటిదే యిది. ఈ మార్గమున జతల పాలును అంచనా వేయు విధానమును 1969లో జి. జె. థామస్ ప్రకటించెను.

అయితే ఈ విధానమునకు హద్దు కలదు. ఎన్ని క్షారములు జతకూడినవో అది చెప్పును. ఏ స్థానముననున్నది ఏ స్థానముతో జతకూడినదో సామాన్యముగ చెప్పజాలదు. అది చెప్పుటకు ఎక్సురే కిరణములు రావలసివచ్చెను. ఈస్టునందలి మరియొక వాహక ఆర్.ఎన్.ఏ. యొక్క పూర్తి ఆకారమును 1974లో అమెరికాలో రిచ్ బృందమును, ఇంగ్లండులో ఏరన్ క్లూగ్ బృందమును స్ఫటికములనుండి సాధించిరి. దాని 76 క్షారములలో సగమునకు మించి రేకుల కాడలలో జతకూడియే యున్నవి.

మరి ఎక్సురేలుండగా పరారుణ కిరణములేల? ఎక్సురే పరీక్షకు పదార్థమును స్ఫటికముగ గట్టిపరచవలెను. పరారుణ కిరణములకు ఆ పనిలేదు. ద్రావణములో స్వేచ్ఛగా నున్న ఆర్.ఎన్.ఏ. వేడికి ఎట్లు విప్పుకొనునో, చల్లబడి ఎట్లు మడతపడునో అవి చూపగలవు. నేడు లేసరు కిరణపు దెబ్బతో నీటిని సెకనులో శతకోటి వంతులు కొన్నింటిలోనే వేడిచేసి, ఆ క్షణమునుండి మడత వీడుటను వర్ణపటమున వెంబడింపగలుగుచున్నారు. పూర్వమువలె ఒక్కొక్క తరంగసంఖ్యను వరుసగా కొలువక, అన్నింటిని ఒక్కసారిగ గ్రహించి, కంప్యూటరు గణనచే వేరుపరచు యంత్రములు నేడు పరిశోధనశాలలలో సామాన్యమైనవి.

ఈ విద్య కేవలము పండితుల వినోదము కాదు. 2020లో కోవిడు వ్యాధిని ప్రపంచమంతట వ్యాపింపజేసిన వైరసు యొక్క వారసత్వద్రవ్యము ఆర్.ఎన్.ఏ. ఆ వ్యాధిని ఎదుర్కొనుటకు వాడిన టీకాలలో కొన్నియు ఆర్.ఎన్.ఏ.తో చేసినవే. అందలి యురాసిలు పూసలను కొంత మార్చినచో శరీరము దానిని శత్రువుగా నెంచి తిరుగబడుట తగ్గునని కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ 2005లో చూపిరి. 2023లో వారికి నోబెలు బహుమానము లభించినది. టీకాకు వలసిన ఒంటిపేట ఆర్.ఎన్.ఏ.లో జంటపేట తునకలు మిగిలినచో శరీరము వానిపై తిరుగబడును గనుక వానిని తొలగింపవలసియున్నది. ఒంటిపేటయా, జంటపేటయా అను భేదము ఎంతటి ముఖ్యమైనదో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

విద్యార్థులారా! హెర్షెల్ ఎఱుపు దాటినచోట ఉష్ణమాపకమును పెట్టి చూచినపుడు జీవకణమునుగూర్చి తలపనైన లేదు. ఆయన వెదకినది వేడి. కాని రంగు ముగిసినచోట విషయమును ముగిసినదని అనుకొనక మరికొంత ముందునకు పోయి కొలిచెను. ఆ కొలత నూటఅరువది యేండ్లకు మైల్స్, రిచ్, లార్డ్ మొదలగువారి చేతిలో జీవరహస్యమును తెరచు తాళపుచెవి యైనది. కొలిచినదానిని ఉన్నదున్నట్లు వ్రాయుట, కొలవనిదానిని ఊహయని ఒప్పుకొనుట, ఒక సాధనము చెప్పలేనిదానిని మరియొక సాధనము నడుగుట, ఈ మూడును శాస్త్రజ్ఞుని లక్షణములు. మీ ప్రయోగశాలలోని చిన్న ఉష్ణమాపకముతోనైనను ఈ మూడింటిని నేటినుండియే అలవరచుకొనవచ్చును.